లిండెన్ నీడన ఆగిన బస్సు

మా మరిది పాన్‌ఫిల్‌కి తేనెటీగల మనసు తెలుసు గానీ పెళ్లాం మనసు తెలియదని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. ఆ మాట ఈ వేసవిలో కొంచెం వెనక్కి తీసుకున్నాను. పూర్తిగా కాదు.

పూల కాలమంతా అతని ఇల్లూ, జీవనాధారమూ ఒక పాత బస్సే. ఒక పక్క కిటికీలు తీసేసి వరసగా తేనెపెట్టెలు బిగించాడు. వెనక మంచం, పొయ్యి. వసంతంలో ఆవపూల పొలాలకు, ఆ తర్వాత తేనెపూలు పూసే లిండెన్ చెట్ల అడవికి, చివరికి పొద్దుతిరుగుడు చేలకు. నా పెట్టెలు ట్రైలరు మీద అతని వెనకే, వాటితో నేనూ. నా తోడికోడలు తుదోరా పెళ్లయిన నాటి నుంచీ ఆ బస్సులోనే తిరిగింది. చక్కెర జబ్బు ముదిరి ఇన్సులిన్ సూదులు మొదలయ్యాక ఆ తిరుగుడు ఆగిపోయింది. ఎండకి కాగే బస్సులో ఆ మందు నిలవదు. రెండు వేసవులు ఊళ్లో ఇంట్లోనే ఒంటరిగా ఉండిపోయింది, పాపం.

ఈ చలికాలం పాన్‌ఫిల్ ఒక చిన్న ఫ్రిజ్ తెచ్చాడు. దాన్ని నడపడానికి బస్సు కప్పు మీద సోలార్ ప్యానెళ్లు, మంచం కింద బ్యాటరీలు పెట్టాడు. మొదట సన్న వైరు వేస్తే కాలిన కంపు కొట్టింది. దాన్ని పీకేసి, పాత వెల్డింగు మిషను తాలూకు లావుపాటి వైరు చుట్టలు చుట్టలుగా తెచ్చాడు. దొంగల భయంతో ప్యానెళ్ల ఫ్రేములను కప్పుకే వెల్డింగు చేసేశాడు.

"దేవుడు దిగొచ్చినా వీటిని ఊడపీకలేడు వదినా!"

"నీకు పీకే పని పడకపోతే చాలు నాయనా," అన్నాను. పాడు నోరు నాది!

ఆవపొలాల్లో ఫ్రిజ్ గుర్రుమంటూ నడిచింది. తుదోరా చల్లటి మందు సీసా చెంపకి ఆనించుకుని నవ్వింది. నాకే కళ్లు చెమర్చాయి.

తర్వాత లిండెన్ అడవికి చేరాం. ఏటా నిలిపే చోటే బస్సు నిలిపాడు, పెద్ద చెట్ల కింద చిక్కటి నీడలో. పెట్టెలు వేడెక్కితే తేనెటీగలు పూలు మానేసి రెక్కలతో విసురుకుంటూ కూర్చుంటాయి, అందుకని. నేనూ చూశాను, నాకూ తట్టలేదు. నాలుగు రోజులకే ఫ్రిజ్ మూగబోయింది.

"చెట్టు నీడన సోలార్! నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాను. అతని మొహం పాలిపోయింది.

ఎండ పడే గడ్డినేల కళ్లెదుటే ఉంది. కానీ బస్సు జరపకూడదు. తేనెటీగ గుర్తుపెట్టుకునేది చోటును, పెట్టెను కాదు. దూరం తీసుకెళ్తే కొత్త చోటు నేర్చుకుంటాయి గానీ, కాస్త పక్కకి జరిపితే పూలకు పోయినవి పాత చోటికే వచ్చి, వెతికి వెతికి నేలరాలతాయి. ఉన్నచోటే ఇంజను నడిపి బ్యాటరీ నింపుదామంటే పెట్టెలు అదిరి తేనెటీగలు మీద పడతాయి.

తుదోరా సంచీ సర్దుకుంది. "రేపు సంతకి పోయే బండెక్కి ఇంటికెళ్లిపోతా. నా మూలంగా మీకెందుకు తిప్పలు?"

పాన్‌ఫిల్ వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "పోతే పోనీ తేనెటీగలు. బస్సు ఎండలోకి తీస్తున్నా."

తుదోరా గబగబా వెళ్లి తాళంచెవి లాక్కుంది.

"వద్దు. తిరిగొచ్చేసరికి బస్సు లేకపోతే ఎలా ఉంటుందో నీకేం తెలుసు? రెండేళ్లు పెరట్లో బస్సుండే ఆ ఖాళీ చోటికే పోయి పొద్దస్తమానం నిలబడ్డాను. వాటికి ఆ గతి పట్టించకు."

పాన్‌ఫిల్ తల దించుకున్నాడు.

లేచి, ప్యానెళ్లు ఊడదీయడానికి ఇనుము కోసే రంపం పట్టుకుని కప్పెక్కాడు. కరెంటుంటే కోత మిషను చిటికెలో కోసేది. ఆ కరెంటే లేదాయె! తన వెల్డింగును తనే తిట్టుకుంటూ పొద్దుగూకేదాకా చేత్తో కోశాడు.

"దేవుడు దిగొచ్చాడా మరిదిగారూ?" అన్నాను కింద నుంచి.

"దేవుడు కాదు, దెయ్యం దిగొచ్చింది. కింద నిలబడి వాగుతోంది!"

మందును అప్పటిదాకా అడవిలోని చల్లటి ఊటనీళ్లలో ఉంచి ఎలాగో కాపాడాం. ప్యానెళ్లు గడ్డినేల మీద వాల్చి, మిగిలిన లావు వైరు బస్సు దాకా లాగాడు. మర్నాడు ఎండ ఎక్కేసరికి ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంది. దొంగల భయం మాత్రం పోలేదు. పూత ఉన్నన్నాళ్లూ ప్యానెళ్ల పక్కన కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. తుదోరా అక్కడికే మొక్కజొన్న సంకటీ, గొర్రెపాల జున్నూ పట్టుకెళ్లి తనూ కూర్చునేది.

పూత అయిపోయింది. బయలుదేరే సాయంత్రం, తేనెటీగలన్నీ గూటికి చేరాక, ఆనాటి నుంచీ తుదోరా దగ్గరే ఉన్న తాళంచెవి కోసం పాన్‌ఫిల్ చెయ్యి చాచాడు.

"నన్ను ముందు ఎక్కనీ," అంది తుదోరా.