మైనస్ నలభై

ఇంగ్లండులో పింగాణీకి పేరుపడ్డ లాంగ్టన్‌లో, మా క్లబ్బు స్నూకర్ గదిలో గోడకు ఒక చెక్క బోర్డు వేలాడుతుంది. లీగులో ఆడేవాళ్ళందరి పేర్లూ, ఎదురుగా ఒక్కో అంకె. బలహీనంగా ఆడేవాడికి పాతికో ముప్పయ్యో పాయింట్లు ముందే ఇచ్చేస్తాం. గట్టివాడు సున్నా నుంచి మొదలెడతాడు. మరీ గట్టివాడైతే సున్నాకు కింద నుంచి ఎక్కి రావాలి. నలభై ఏళ్ళపాటు ఆ బోర్డులో అన్నిటికన్నా పైన ఒకటే పేరు, ఒకటే అంకె. నెవిల్ మేచిన్, మైనస్ నలభై.

నెవిల్ తండ్రి పింగాణీ ఫ్యాక్టరీలో బట్టీల్లో సామాను పేర్చేవాడు. నెవిల్ పదిహేనో ఏట అదే ఫ్యాక్టరీలో కప్పులు గడ్డిలో చుట్టి పెట్టెలకెత్తే పనిలో చేరాడు. సాయంత్రం సైరన్ మోగగానే మాసిన బట్టలతోనే క్లబ్బుకొచ్చి, భోజనం సంగతి మరిచిపోయి ఆడేవాడు. ఇరవైమూడో ఏట, 1980లో, ప్రొఫెషనల్ అయ్యాడు. మా పేటలో అంతకుముందు ఎవరూ కాలేదు, ఆ తరవాతా కాలేదు.

ప్రొఫెషనల్ అనగానే జనం దీపాలూ చప్పట్లూ ఊహించుకుంటారు. నెవిల్ పదకొండేళ్ళ ఆటలో ఎక్కువ భాగం తడికలు అడ్డంపెట్టిన చిన్న గదుల్లో జరిగింది. అసలు పోటీకి అర్హత కోసం ఆడే ఆటలవి. చూడ్డానికి ముగ్గురొస్తే అందులో ఒకడు నిద్రపోతుండేవాడు. ఉదయం రైలెక్కడం, గెలిస్తే ఆ ఊళ్ళోనే బస, ఓడితే మధ్యాహ్నం రైలుకి తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం రైళ్ళే ఎక్కువ. ఒక్కసారి మాత్రం వరసగా ముగ్గురిని ఓడించి చివరి పదహారుగురిలో నిలిచాడు. టీవీలో చూపించారు. క్లబ్బులో నిలబడ్డానికి చోటు లేదు ఆవేళ. ఆ పోటీ రెండు–అయిదుతో ఓడిపోయాడు. ఓడిన సంగతి మాలో ఎవరికీ సరిగా గుర్తులేదు. నల్ల బంతి మూల పాకెట్లోకి దించి మెడ దగ్గర బో టై సర్దుకున్నాడే, అది గుర్తుంది.

1991లో ర్యాంకు జారి ప్రొఫెషనల్ జాబితాలోంచి పడిపోయాడు. క్యూ కర్ర మెట్లకింద అలమారలో పెట్టేసి, ఓ బేకరీ వాళ్ళ రొట్టెల వ్యాను నడిపాడు. ముప్పై ఏళ్ళకి పైనే. బోర్డు మీంచి అతని పేరు మాత్రం మేం తియ్యలేదు. శనివారాలు క్లబ్బుకి వచ్చేవాడు గానీ, స్నూకర్ గది తలుపుకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఎందుకని మేమూ అడగలేదు. కొన్ని మౌనాలను ఊరంతా కలిసి కాపాడుతుంది.

వ్యాను వదిలేసిన ఏడాది నవంబరు చివర్లో, ఒక మంగళవారం సాయంత్రం, క్యూ పెట్టెతో గదిలోకి వచ్చాడు. నేను స్కోరు రాసే బల్ల దగ్గరున్నాను. మా సెక్రటరీ విల్ఫ్ టామ్స్ గ్లాసు కింద పెట్టి, "ఏమోయ్, దారి తప్పావా? రొట్టెలు దింపేది వెనక గుమ్మంలో" అన్నాడు.

"బి టీములో ఒకళ్ళు తక్కువని విన్నాను."

బి టీము కెప్టెన్ బెరిల్ ప్లాంట్. డెబ్భై దాటింది. ముప్పై ఏళ్ళు కప్పుల అంచులకి బంగారు గీత గీసిన మనిషి. నెవిల్‌ని పైనుంచి కిందకి చూసి, "వచ్చే మంగళవారం ఏడింటికి. ఆలస్యమైతే దులిపేస్తాను నాయనా" అంది.

నెవిల్ కుడిచేయి వణుకుతోందని మొదటి ఆటలోనే తెలిసింది. ప్రమాదమేం లేదు, అలా ఉంటుందంతే అని డాక్టరు చెప్పాడట. కానీ మైనస్ నలభై నుంచి ఎక్కి రావాలంటే వణకని చెయ్యి కూడా చాలదు. ఎదుటివాళ్ళు ఇరవై మీద మొదలెట్టేవాళ్ళు. వరసగా ఆరు ఓడిపోయాడు. ఓడించిన ప్రతివాడూ ఇంటికెళ్ళి, "ఇవాళ ప్రొఫెషనల్‌ని కొట్టాను" అని చెప్పుకున్నాడు. టీము అట్టడుగుకు చేరింది.

ఆరో ఆట తరవాత చీజు పెట్టి చుట్టిన ఓట్‌కేకులు, మా వైపు అట్లలాంటివి, తింటూ బెరిల్ అంది: "ఇంకో రెండు ఓడితే నిన్ను పక్కన పెట్టక తప్పదు. ఆ అంకె తగ్గించమని అడగవేం?"

"అడగను."

"ఎందుకని?"

నెవిల్ ప్లేటు పక్కకి జరిపాడు. "నేను ఆడానని చెప్పేది అదొక్కటే మిగిలింది బెరిల్."

"నాకు యాభయ్యారేళ్ళకి చెయ్యి వణికింది. బంగారం గీతనించి తీసి, కప్పులకి పిడులు అతికించే బల్ల మీద కూర్చోబెట్టారు. వారం రోజులు ఏడ్చాను. ఎనిమిదో రోజు పిడులు అతికించాను. బాగానే అతికించాను." చేతులు తుడుచుకుంది. "అడగడం, మానడం నీ ఇష్టం. మంగళవారం మాత్రం నాకు ఆడే మనిషి కావాలి."

మా క్లబ్బులో అంకె సడలించాలంటే ఆ మనిషే ఏటా జరిగే సమావేశంలో లేచి అడగాలి. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎప్పటిలానే, అందరూ దేబిరించారు. జార్జ్ బెయిలీ లేచి, "తుంటి ఎముక మార్చారు. ఇంకో అయిదు ఇవ్వండి" అన్నాడు.

"తుంటితో ఆడతావా జార్జ్?" అన్నాడు విల్ఫ్. "కూర్చో. ఇంకెవరు?"

నెవిల్ లేచాడు.

"నన్ను సున్నాకి తీసుకురండి."

విల్ఫ్ కళ్ళద్దాలు తీశాడు. నిజానికి నెవిల్ కంటే అతనికే ఆ అంకె మీద మమకారం ఎక్కువ. కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు ఆ బోర్డు దగ్గరికే లాక్కెళ్ళేవాడు. "అదెలా కుదురుతుంది? అది క్లబ్బు పరువు. కావాలంటే మైనస్ ఇరవై చేద్దాం."

"సున్నా."

"చూసేవాళ్ళేమనుకుంటారు?"

"విల్ఫ్," అన్నాడు నెవిల్. "ఆ అంకెవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. నువ్వు బోర్డుమీద మనిషిని ఉంచుకుంటానంటే ఉంచుకో, నేనింక రాను. దాని కింద నిలబడ్డవాడు కావాలంటే సున్నా రాయి. నాకు ఆడాలనుంది. అంతే."

"ఒరేయ్ విల్ఫ్, రాయరా!" అని వెనకనుంచి అరిచాడు జార్జ్. "కనీసం అతను తుంటి సాకు చెప్పలేదు!" నవ్వులు. చేతులు లేచాయి. విల్ఫ్ చెయ్యి చివర్న లేచింది, కానీ లేచింది.

ఆ మంగళవారం బెరిల్ కొత్త నియమం పెట్టింది. "గురి చూడు, కొట్టు. ఆలోచించేకొద్దీ నీ చెయ్యి నీ మాట వినదు." పూర్వం నెవిల్ ఒక దెబ్బకి నిమిషం తీసుకునే మనిషి. ఆ రాత్రి బల్ల చుట్టూ చకచకా తిరిగాడు. రెండు తేలిక బంతులు పోగొట్టుకుని తనను తానే తిట్టుకున్నాడు. మూడోది దించాడు. చివరికి గులాబీరంగు బంతి దించి గెలిచాడు. పెద్ద ఆటేం కాదు. నేను స్కోరు రాస్తూ చూశాను, టీవీలో ఆడినవాడి నడక కాదది. ఫ్యాక్టరీ సైరన్ మోగాక పరిగెత్తుకొచ్చేవాడి నడక.

ఆ తరవాత తొమ్మిదింటిలో ఏడు గెలిచాడు. బి టీము అట్టడుగు నించి నాలుగు మెట్లు ఎక్కింది.

మార్చిలో పొరుగునున్న ఫెంటన్ క్లబ్బువాళ్ళు మాకు ఫిర్యాదు రాశారు. సున్నా అన్యాయమట, ఆ మనిషిని కనీసం మైనస్ ఏడు చెయ్యాలట. విల్ఫ్ ఉత్తరం పైకి చదువుతుంటే బెరిల్ మండిపడింది: "దొంగ వెధవలు! ఓడిపోతే ఏడుపు!"

నెవిల్ ఉత్తరం అందుకుని రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మైనస్ ఏడా?" అన్నాడు. "ఈ చేతికా?"

"ఈ చేతికే. ఏం, ఒప్పుకోవా?" అన్నాడు విల్ఫ్.

"ఒప్పుకోకేం!" నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "రాసెయ్ విల్ఫ్. త్వరగా రాసెయ్, వాళ్ళు మనసు మార్చుకోకముందే."

"నా టీము సంగతో?" అంది బెరిల్. "ఇక నువ్వు ఏడు వెనకనుంచి రావాలి."

"వస్తాలే," అన్నాడు నెవిల్, క్యూ చివర సుద్ద రుద్దుకుంటూ. "బల్ల ఖాళీగా ఉందా? రా, ఒక ఆట వేద్దాం."