పుదీనా మిత్సుయో

మిత్సుయోకి తెలిసిన వైద్యం ఒక్కటే. తలనొప్పికి పుదీనా నూనె, దోమకాటుకి పుదీనా నూనె, స్నానం తొట్టెలో పుదీనా నూనె, ఎవరైనా ఒక మాటంటే ఆ మంటకి కణతలకి మళ్ళీ పుదీనా నూనె. ఒకప్పుడు పుదీనాకి పేరుపడ్డ కితామి ఊరి చుట్టుపక్కల ఆమె ఈడు వాళ్ళందరిదీ కాస్త అటూ ఇటూగా ఇదే తంతు కానీ, మిత్సుయోది మరీ విడ్డూరం. పక్క పొలం తత్సుకో ఆమెని వెనకాల "పుదీనా మిత్సుయో" అనీ, ఎదురుపడితే "డాక్టరమ్మ గారూ" అనీ పిలిచేది. రెండూ వెక్కిరింతలే.

ఆమె పుట్టిందే పుదీనా పండించే ఇంట్లో. కోసిన పుదీనాని కట్టలు కట్టి, వారాల తరబడి తాళ్ళ మీద ఎండబెట్టి, మంచు పడేలోగా ఊరందరిదీ అయిన బట్టీకి చేర్చేవారు. అక్కడ ఆవిరి పట్టి నూనె తీసేవారు. తీసిన నూనె మంచిదో కాదో తేల్చడం ఆడవాళ్ళ పని. ఒక చుక్క ముంజేతి మీద వేసుకుని గట్టిగా పీల్చేవారు. కళ్ళలో నీళ్ళు తిరిగి, చల్లదనం గొంతు దాటి గుండెల్లోకి దిగితే "గాలి వచ్చింది" అనేవారు. దిగకపోతే "గాలి రాలేదు" అని మొహం తిప్పేసుకునేవారు. పదేళ్ళు నిండకుండానే మిత్సుయో మాటకి బట్టీ దగ్గర విలువ ఉండేది. "దీని ముక్కుకి అబద్ధం తెలీదర్రా" అని వాళ్ళ తాత మురిసిపోయేవాడు. పిల్లల్ని అలా పొగడకూడదు. ఆ మాట ఆమె నెత్తిన కిరీటంలా కూర్చుని మరి దిగలేదు.

కొన్నాళ్ళకి ఫ్యాక్టరీల్లో చేసిన చవక సరుకు వచ్చి పుదీనాని మింగేసింది. పొలాల్లో ఉల్లి దిగింది. మిత్సుయో కూడా ఉల్లి పండించే ఒనోదెరా వారింటికే కోడలిగా వెళ్ళింది. భర్త కిసాబురో భారీ మనిషి, ముక్తసరి మాట. పిల్లలు కలగలేదు. పెరట్లో నాలుగు చాళ్ళు పుదీనా, కొట్టంలో బిందెడంత చిన్న బట్టీ, ఇవి మాత్రం ఆమె వదులుకోలేదు.

పొలానికి గాలి అడ్డు కోసం కిసాబురో తండ్రి ఒక వరస భూర్జ చెట్లు నాటి పోయాడు. మే నెలలో వాటి పూత విచ్చుకుని పసుప్పచ్చటి దుమ్ము రాలుతుంది. ఉల్లినారు నాటేది కూడా అప్పుడే. నలభై దాటాక కిసాబురోకి ఆ దుమ్ము పడకుండా పోయింది. వరసగా పాతిక తుమ్ములు, ధారగా ముక్కు, కళ్ళు నెత్తుటి ముద్దలు. ఆ దుమ్ము పడనివాళ్ళకి ఆపిల్ కూడా పడదట, ముక్క కొరికితే గొంతంతా దురద.

"పట్నం వాళ్ళ రోగం నాకెందుకొస్తుందే? జలుబంతే" అనేవాడు.

"ఏదైతేనేం, మందు మనింట్లోనే ఉందిగా" అనేది మిత్సుయో.

పొద్దున్నే మాస్కు పైవైపు రెండు చుక్కలు వేసి, తానే అతని చెవులకి తగిలించి అడిగేది. "గాలి వచ్చిందా?"

"వచ్చింది."

ముప్పై ఏళ్ళు, మే నెలల్లో ప్రతి పొద్దుటా, ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఆ జవాబు వినందే ఆమెకి పొయ్యి వెలిగించబుద్ధయ్యేది కాదు.

అరవై ఐదు దాటాక కిసాబురోకి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మొదట మే నెలలోనే, తర్వాత చలికాలంలోనూ. మిత్సుయో రెండు చుక్కలని నాలుగు చేసింది. గుండెలకి రుద్దింది, దిండు కింద గుడ్డ తడిపి పెట్టింది. ఆమె కష్టపడలేదని ఎవరూ అనలేరు.

ఒకరోజు తత్సుకో ఉండబట్టలేక అంది. "ఓసారి ఆసుపత్రిలో చూపించరాదా, మిత్సుయో గారూ? మా ఆయనకి ఏదో పీల్చే మందిచ్చారు. ఇప్పుడు గుర్రంలా తిరుగుతున్నాడు."

"పెళ్ళాం సరిగ్గా చూసుకోని మొగుళ్ళకి డాక్టర్లే దిక్కు" అంది మిత్సుయో.

తత్సుకో రెండు నెలలు ఆ గడప తొక్కలేదు.

అది పరాయి వాళ్ళతో పడ్డ మాట, పోనీలే అనుకోవచ్చు. ఆ శీతాకాలం ఇంట్లో జరిగింది మాత్రం పోనీలే అనుకునేది కాదు. వాకిట్లో మంచు ఎత్తిపోసి వచ్చిన కిసాబురో గడప మీద కూలబడి, చాలాసేపు ఊపిరి కూడదీసుకుని, చేతులకేసి చూసుకుంటూ అన్నాడు.

"ఏమే, ఓసారి పట్నం వెళ్ళి చూపించుకుని వద్దామా?"

ముప్పై ఏళ్ళలో ఆ మనిషి నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మిత్సుయోకి మొహాన కొట్టినట్టయింది.

"అంటే నా నూనె పని చెయ్యట్లేదనా?"

కిసాబురో ఆమె మొహంలోకి చూశాడు. "ఛ, ఛ, అదేం లేదు. ఊరికే అన్నాను" అని బూట్లు విప్పుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. "గాలి వచ్చిందా?" అంటే మునుపటికన్నా గట్టిగా "వచ్చింది" అనేవాడు. నూనెకి ఘాటు పెరిగిందని మిత్సుయో సంబరపడింది కూడా.

మే నెల వచ్చింది. నాట్లు మొదలైన మూడో రోజు, బాగా ఎండెక్కాక, కిసాబురో నాటే యంత్రం ఆపేసి గట్టు మీద కూర్చుండిపోయాడు. మిత్సుయో పరుగెత్తింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పిల్లికూతలు మాత్రం ఆగిపోయాయి. కూత పెట్టేందుకు కూడా లోపల గాలి ఆడట్లేదని తెలియక, తగ్గిందనుకుంది పిచ్చిది. సీసా తీసి మాస్కు మీద ఒలకబోసి, "గాలి వచ్చిందా? ఏమయ్యా, గాలి వచ్చిందా?" అని అరిచింది. అతను మాట్లాడలేక తల ఊపాడు. అవునని ఊపాడు. తత్సుకో గట్టు దాటి వచ్చి అంబులెన్సుకి ఫోన్ చెయ్యకపోతే అక్కడే అయిపోయేది.

ఆసుపత్రిలో చూసింది మిసావా అని ముప్పై నిండని డాక్టరు, సప్పొరో పట్నం అమ్మాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందమ్మా? ఏం వాడుతున్నారు?"

మిత్సుయో సీసా తీసి బల్ల మీద పెట్టింది, కాస్త గర్వంగానే. డాక్టరు మూత తీసి, ఓసారి వాసన చూసి, గట్టిగా బిగించేసింది.

"ముక్కు దిబ్బడకి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ దీంతో లోపలికి వెళ్ళేది చల్లదనం, గాలి కాదు. చల్లగా తగిలితే ఊపిరి బాగా ఆడుతోందని మనిషికి అనిపిస్తుంది, అంతే. లోపల గొట్టాలు బిగుసుకుపోతూనే ఉంటాయి. ఆయనకి ఉబ్బసం ముదిరిపోయిందమ్మా. పీల్చే మందు ఎప్పుడో మొదలుపెట్టాల్సింది. ఇక ఈయన దగ్గర దీని మూత తియ్యకండి. ఈ ఘాటుకి ఇంకా బిగుసుకోవచ్చు."

మిత్సుయో సీసాని సంచిలో వేసుకుంది. ముక్కుకి అబద్ధం తెలియకపోవడమేమిటి, అది ముప్పై ఏళ్ళుగా అబద్ధమే చెబుతోంది. అంతకన్నా గడప మీద కూర్చున్న ఆ మొహమే ఆమెని వదల్లేదు. అడిగాడు. నోరు తెరిచి అడిగాడు.

రెండు రోజులు తేరుకున్నట్టే కనిపించాడు. మూడో రోజు ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది. నాలుగో రోజు పొద్దున డాక్టరు మిత్సుయోని వరండాలోకి పిలిచింది. "ఇకమీదట ఆయనకి హాయిగా ఉండేట్టు చూద్దాం అమ్మా" అంది మెల్లగా. హాయిగా అన్న మాట విని మిత్సుయో ప్రాణం కుదుటపడింది. నడుం వంచి మూడుసార్లు దణ్ణం పెట్టింది.

లోపలికి వచ్చేసరికి కిసాబురో మెలకువగా ఉన్నాడు. మొహం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకి జరుపుకుని సంచికేసి వేలు చూపించాడు.

"అదియ్యి."

"వద్దన్నారయ్యా డాక్టరు."

"ఒక్క చుక్క."

"దాంతో గాలి రాదట. ఉత్త చల్లదనమేనట."

"తెలుసులేవే" అన్నాడు. ఊపిరి కోసం ఆగి, మళ్ళీ అన్నాడు. "నాకెప్పుడో తెలుసు. అయినా ఇయ్యి."

ముప్పై ఏళ్ళు అడక్కుండా ఇచ్చిన మనిషి, అడిగినప్పుడు ఇవ్వలేదు. సంచిని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులా పట్టుకుంది. ఇన్నాళ్ళూ తన మాటే చెల్లించుకుంది, ఈ ఒక్కసారైనా డాక్టరు మాట వింటే మనిషి దక్కుతాడనుకుంది. ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.

"పిసినారిదానివి" అన్నాడు కిసాబురో. కోపమో వేళాకోళమో ఆమెకి తెలియలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ పోయాడు.

బట్టలు సర్దడానికి వచ్చిన నర్సు పెద్దామె, ఆ పక్క ఊరిదే. మిత్సుయో ఒళ్ళోని సంచిని చూసి అడిగింది. "ఏంటి బామ్మా, అంత గట్టిగా పట్టుకున్నావు?"

మిత్సుయో చెప్పింది, హాయిగా ఉండేట్టు చూద్దామని నిన్న డాక్టరమ్మ అందనీ, ఆయన నూనె అడిగాడనీ, తాను ఇవ్వలేదనీ, డాక్టరమ్మ మాట జవదాటలేదనీ.

నర్సు చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. "అయ్యో బామ్మా. ఆ వద్దనడం మొదటి రోజు మాట. హాయిగా ఉంచుదామని నిన్న చెప్పిందంటే, ఇక ఆశ లేదు, ఆయన ఏది అడిగితే అది ఇవ్వమనే కదా అర్థం. దిండు మీద ఒక చుక్క వెయ్యమని నువ్వు మమ్మల్ని అడిగి ఉంటే, మేమే వేసేవాళ్ళం."

"అడగాలని నాకు తెలీలేదమ్మా" అంది మిత్సుయో.