పసుపు ముసలమ్మ అనని మాట

ఏడేళ్లుగా ఒక మాట నా గుండె మీద బరువుగా ఉంది. నిజానికి అది నేను ఇంకొకరి నోట పెట్టిన మాట. మీరు నన్నెరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఒడిశాలో పద్మపూర్ దగ్గర పల్లె. అమ్మ లేదు. చెల్లికి పన్నెండో ఏట నుంచి మూర్ఛలు. రాయగడ డాక్టరు రాసిన బిళ్ళలు రోజూ నేనే వేసేదాన్ని. మూర్ఛలు ఆగాయి. కాని పిల్ల ఎప్పుడూ మత్తుగా ఉండేది, పిలిస్తే ఆలస్యంగా పలికేది. నాకు అనుమానం పట్టుకుంది. ఈ బిళ్ళలు జబ్బుని తగ్గిస్తున్నాయా, మనిషినే తగ్గిస్తున్నాయా? డాక్టరు తొందరగా మాట్లాడితే ఏదో దాస్తున్నాడనుకునేదాన్ని. అప్పుడే ఫోన్లో ఎవరో పంపారు, పసుపుతో మూర్ఛ పోతుందని శాస్త్రవేత్తలు తేల్చారట. నమ్మాలనుకున్నాను కనుక నమ్మాను.

కొండ మీది గూడెం నుంచి దిగి వచ్చి మా సంతలో పసుపు కొమ్ములమ్మే ముసలమ్మని, పసుపుతో మూర్ఛ పోతుందా అని అడిగాను.

"పాలల్లో ఏసి ఇయ్యమ్మీ, మా ఊరోళ్లు ఇత్తారు. డాక్టరు బిళ్ళ మాత్రం మానిపించకు," అంది, వచ్చిన కాస్త తెలుగులో.

ఇంటికొచ్చి చెల్లికి తిరగేసి చెప్పాను. బిళ్ళలు మానేసి పసుపే తాగమందని. పిల్ల నమ్మింది.

పది రోజులకి చెల్లి మూర్ఛొచ్చి పొయ్యి దగ్గర పడిపోయింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

బిళ్ళలు ఎవరు మానిపించారని ఆస్పత్రిలో నాన్న ఎదుటే డాక్టరు అడిగాడు.

"సంతలో పసుపమ్మే ముసిల్ది సెప్పింది సార్," అన్నాను.

ఆయన కోప్పడలేదు. పసుపులోని సారాన్ని ఎలుకల మీద పరీక్షించారని, కొంత ఆశ కనిపించిందని, మనుషుల్లో మూర్ఛని ఆపుతుందనడానికి చాలినంత రుజువు లేదని, తిన్న పసుపులో ఒంటికి పట్టేది బహు తక్కువని ఓపికగా చెప్పాడు. కూరలో వేసుకో, బిళ్ళకి బదులుగా వద్దన్నాడు. మత్తు సంగతి ముందే చెప్పి ఉంటే మందు మార్చి చూసేవాణ్ణి కదా అన్నాడు.

తరవాతి సంతకి నాన్నతో పాటు మా వీధి మగవాళ్లు కొందరు వెళ్లారు. వెనకే నేనూ వెళ్లాను. పసుపులో ఏదో కలిపి అమ్ముతోందన్నారు. గంప తన్నేశారు. ముసలమ్మ నావైపు చూసింది. నేను చున్నీ సర్దుకుంటూ తల వంచుకున్నాను. ఆమె మళ్లీ మా సంతకి రాలేదు.

డాక్టరుతో ఆ అబద్ధం భయపడి అన్నానా? కొంత భయమే. కాని నా మాటని ఎవరూ అనుమానించరనీ, కొండ మనిషి మాటని ఎవరూ నమ్మరనీ నాకు అప్పుడే తెలుసు, తెలిసే అన్నాను. ఆ తెలియడమే నన్ను ఇన్నేళ్లూ తినేస్తోంది.

నాన్న నిజం తెలియకుండానే పోయారు. కాశీపూర్ దాకా సంతలన్నీ వెతికాను. ఆమె పేరైనా అడగలేదు ఆ రోజు. ఎవరని వెతకను?

కిందటి వారం చెల్లికి అంతా చెప్పేశాను. అది కాలిన చేతి మచ్చని తడుముకుంది. "ఇంకేటైనా దాసేవా అప్పా?" అంది. లేదన్నాను. నమ్మిందో లేదో తెలియదు. ఇప్పుడు నేనిచ్చిన మంచినీళ్లు కూడా వాసన చూసి తాగుతోంది. చూస్తూ ఊరుకున్నాను. ఇన్నాళ్లకి ఆ అనుమానం పడవలసిన మనిషి మీద పడింది.