శనివారం నూనె, స్కూబా మునక

పాతికమంది ముందు ఒక్క పూటలో పరువును నీళ్ళపాలు చేసుకోవడం ఎలాగో తెలుసుకోవాలని ఉందా? చెప్పడానికి నాకంటే తగినవాడు చెన్నై మొత్తంలో దొరకడు.

అప్పటికి నా నిశ్చితార్థమై పదిరోజులు. మా అన్న కూతురు తేజుకి పదకొండేళ్ళు. ఈతకొలనులోనే పిల్లలకు స్కూబా నేర్పిస్తారని విని ఉత్సాహంగా పేరిచ్చింది గానీ, నీళ్ళలో తల ముంచాలంటే దానికి ప్రాణభయం.

"చిన్నాన్నా, నువ్వు చెయ్యి పట్టుకుంటేనే నేను మునిగేది."

"నేనుండా గదా!" అన్నాను. పెద్దవాళ్ళు ఒకరు తోడు దిగవచ్చన్నారు మరి.

ఆ రోజు శనివారం. వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంట మగవాళ్ళకు శనివారం నూనెస్నానం తప్పదు. అమ్మ నువ్వులనూనె వెచ్చజేసి పిలిచింది. వెంటనే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ఎటూ గంటసేపు నీళ్ళలో నానబోతున్నాను, మళ్ళీ ఇంట్లో స్నానమెందుకు? నడినెత్తి నుంచి అరికాలి దాకా నూనె పట్టించి, పైన చొక్కా తొడుక్కుని బయల్దేరాను. ఒకే దెబ్బకు రెండు పిట్టలు! దెబ్బ ఎవరికి తగలబోతోందో అప్పటికి తెలియదు.

కొలను దగ్గర షవర్ కింద నిలబడితే నీళ్ళు నన్ను పలకరించి జారిపోయాయి. జిడ్డు జుట్టును ఈతటోపీ దాచేసింది. కళ్ళకు మాస్కు, వీపున గాలి సిలిండరు, నోట్లో గొట్టం. తేజుకి ధైర్యం చూపిద్దామని ముందు నేనే మునిగాను.

మాస్కు సర్రున గడ్డం మీదికి జారింది. ముక్కునిండా నీళ్ళు! ఎగిరిపడుతూ పైకొచ్చేసరికి నా చుట్టూ నూనె, చారు మీద తాళింపులా తేలుతోంది.

స్కూబా నేర్పే మాస్టరు నీళ్ళలో వేలు ముంచి వాసన చూశాడు. "ఎన్న సార్ ఇదు? నల్లెణ్ణెయా?" ఇదేంటి, నువ్వులనూనేనా అని నిలదీత.

"ఇవాళ శనిక్కిళమై మాస్టర్..." అన్నాను, శనివారమన్న ఆ సంజాయిషీ చాలన్నట్టు.

"వెళియే వాంగ సార్!" బయటికి రమ్మని హుకుం.

పిల్లలు విరగబడి నవ్వారు. నన్ను గట్టెక్కించి, వాళ్ళను కొలను అవతలి చివరకు తీసుకెళ్ళారు. తేజు ఒక్కతే నవ్వలేదు. దాని కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు లేకుంటే నేను దిగను. ఇంటికి పోదాం పా."

అప్పుడు వేసింది నాకు అసలు సిగ్గు. మాటిచ్చిందీ నేనే, ముంచిందీ నేనే.

"ఈడ్నే ఉంటా. నా వేలు పట్టుకో" అని ఆ చివరనే గట్టున బోర్లా పడుకుని, నీళ్ళలోకి చెయ్యి చాచాను. మాస్టరు పక్కనుండగా, అది నా ఉంగరపు వేలు పట్టుకుని అంగుళమంగుళంగా తల ముంచింది. వేలు ఊడొచ్చేంత గట్టిగా పట్టుకుంది. ఉన్నట్టుండి ఆ పట్టు జారిపోయింది.

"తేజూ!" అని అరిచాను. జవాబుగా అడుగు నుంచి బుడగలొచ్చాయి. మాస్టరు దాని పక్కనే ఉన్నాడని తెలుసు. అయినా ఆ అరనిమిషం నేను ఊపిరి తీసుకోలేదు.

తేజు పైకొచ్చి, నోట్లో గొట్టం తీసేసి, పిడికిలి విప్పింది. అందులో నా నిశ్చితార్థపు ఉంగరం!

"నూనెకు జారి కింద పడిపోయింది చిన్నాన్నా. చిన్నమ్మకు నువ్వేం జవాబు చెప్తావని దాని వెనకాలే పోయినా. భయపడేది మర్చేపోయినా!"

ఆనందం పట్టలేక కౌగిలించుకోబోయాను. అదీ జారిపోయింది.

ఇప్పుడా కొలను గోడ మీద "నూనె రాసుకుని దిగరాదు" అని తమిళం, ఇంగ్లీషుల కింద తెలుగులోనూ బోర్డుంది. అక్షరాలు తేజువి, ఘనత నాది. ఆ బోర్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా శనివారపు స్నానం మా ఇంట్లోనే. తేజుకి ఎప్పుడు కావాలన్నా వేలు సిద్ధం, ఉంగరం మాత్రం బీరువాలో.