శనివారం ఉపవాసంతో చిన్నమనూరులో యాభై కిలోమీటర్లు

రాయడం నాకు అలవాటైన పని కాదు. పన్నెండో తరగతి తరువాత కాగితం మీద పెట్టినవి సరుకుల చీటీలు, శుభలేఖల మీద పేర్లు, అంతే. ఇప్పుడు రాయక తప్పడం లేదు. పోయిన పురటాసి నెలలో నేను చిన్నమనూరులో యాభై కిలోమీటర్లు పరిగెత్తిన సంగతి పీలమేడులో మా వీధి అంతటికీ తెలుసు. మా అత్తగారు కోవెలలో, పూలకొట్టులో, పెళ్ళిపందిళ్ళలో చెబుతున్నారు: మా కోడలు మెతుకు ముట్టకుండా యాభై కిలోమీటర్లు పరిగెత్తింది, పెరుమాళ్ళే నడిపించినాడు అని. పోయిన వారం మైదానంలో వసంత, లత, మీనా, మీరు ముగ్గురూ వచ్చే పురటాసిలో మనమూ సరోజక్క లాగే ఉపవాసంతో పరిగెత్తుదాం అని ఒట్టు పెట్టుకుంటుంటే పక్కనే నిలబడి విన్నాను. అక్కడే చెప్పవలసింది. నోరు రాలేదు. అందుకే మన గుంపు పేజీలో మీ ముగ్గురికి మాత్రమే కనిపించేలా ఇది పెడుతున్నాను. ఈ అరవ ఊళ్ళో మీరు నాలాగే బడిలో తెలుగు చదువుకున్నవాళ్ళు. మా ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు, అదీ నాకు కొంత ధైర్యమే.

నలభై ఆరేళ్ళప్పుడు డాక్టరు నడవమన్నారు. నడక మెల్లమెల్లగా పరుగైంది. పోయిన పురటాసికి ముందు ఏడాది అదే చిన్నమనూరు పరుగులో మొదటిసారి యాభైకి పేరిచ్చి, నాలుగు చుట్లలో మూడోది ముగిశాక కుర్చీలో కూర్చుని లేవలేకపోయాను. అప్పుడది ఆదివారం. ఈసారి తేదీ శనివారం పడింది. పురటాసి శనివారాలు మన ఇళ్ళలో పెరుమాళ్ళవి. మధ్యాహ్నం ఆకులో పెరుమాళ్ళ నైవేద్యం, తళిగ, వడ్డించి, హారతి ఇచ్చి, గోవిందా అని పిలిచేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. రెండోసారి పోతానని అడిగినప్పుడు మా ఆయన సరే అన్నారు. అత్తగారు కాసేపు ఆలోచించి రెండు షరతులు పెట్టారు.

"పో, నేను వద్దనను. ఈ తూరి ముగించకుండా వస్తివా, ఇంక పరుగు మాట ఎత్తకూడదు. శనివారం కదా, పరుగు ముగించి, ఆ ఊరి పెరుమాళ్ళను చూసినాకనే నోట్లో మెతుకు పెట్టాల."

రెండింటికీ తల ఊపాను. ఒకటి నిలబెట్టుకోవాలంటే రెండోది వదులుకోవాలని నాకు అప్పుడే తెలిసి ఉండాలి. తెలియదని అనను, ఆలోచించదలచుకోలేదు.

నాకు పరుగు నేర్పిన రాజమ్మ టీచర్ మీకూ తెలుసు. బడిలో ఆటల టీచరుగా రిటైరై ఇప్పుడు అరవై రెండేళ్ళు. ఆమె నేర్పే పద్ధతి వేరు. గడియారం చూడవద్దంటారు. నాలుగు అడుగులకు ఒక గోవింద నామం చొప్పున పైకి చెప్పమంటారు. నామం మధ్యలో తెగితే వేగం ఎక్కువైనట్టు. అరగంటకొకసారి ఆకలి ఉన్నా లేకపోయినా ఒక ఖర్జూరం గానీ వేరుశెనగ ఉండ గానీ తినమంటారు. నేను పోయినసారి కుర్చీలో చిక్కుకున్నందుకు ఆమె ఒక ఉపాయం చేశారు. చుట్టు ముగిసే పందిరి దగ్గర నిలబడకుండా, అక్కడి నుంచి ఒక కిలోమీటరు అవతల కాలువ గట్టు మీద నిలబడతానన్నారు. ఆమె దగ్గరికి చేరాలంటే తరువాతి చుట్టు నేను అప్పటికే మొదలు పెట్టి ఉండాలి. ఇంత ఆలోచించిన మనిషికి నా ఉపవాసం సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే పోవద్దంటారని భయం.

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు సింగానల్లూరు బస్టాండులో టీచర్, నేను బస్సెక్కాం. పల్లడం, ధారాపురం మీదుగా ఒట్టన్‌చత్రం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. కూరగాయల మార్కెట్టు లారీలు రోడ్డుకు అడ్డంగా నిలబడటంతో చివరి కిలోమీటరుకే పావుగంట పట్టింది. టమాటా బుట్టలు, మునక్కాయ కట్టలు, ఉల్లిపాయ వాసన. అక్కడ టీ తాగి తేని బస్సు పట్టుకున్నాం. తేనిలో మళ్ళీ మారి చిన్నమనూరులో దిగేసరికి ఒంటిగంటన్నర. మొత్తం బస్సు ఖర్చు మనిషికి రెండు వందల డెబ్భై దాకా అయింది. బస్టాండు దగ్గర లాడ్జిలో ఇద్దరికీ కలిపి గది ఎనిమిది వందలు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు మాత్రం అడిగితేనే ఇస్తారు.

సాయంత్రం నంబరు కాగితం తెచ్చుకోవడానికి ఊరి బయట కల్యాణ మండపానికి అరవై రూపాయలిచ్చి ఆటోలో వెళ్ళాం. మీ ఇంట్లో పరిగెత్తేది ఎవరని ఆటో ఆయన అరవంలో అడిగాడు. టీచర్ నా వైపు చూపించారు. ఆయన అద్దంలోంచి నా నుదుటి కుంకుమ, నెరిసిన జుట్టు చూసి, యాభై కిలోమీటర్లు పోవాలంటే ఎందుకమ్మా అంత కష్టం, ఒక ఫోన్ చేస్తే నేనే దింపుతాను కదా అన్నాడు. టీచర్ దారంతా నవ్వుతూనే ఉన్నారు.

శనివారం తెల్లవారుజామున మూడున్నరకు మండపంలో వంటామె ఇడ్లీలు దించుతోంది. ఆకులో రెండు పెట్టి నా ముందుకు జరిపింది. తరువాత తింటానని చెప్పాను. పిల్లలకు పెట్టే పని లేని చోట కూడా తరువాత తింటాననేవాళ్ళు ఉంటారా అని ఆమె గొణుక్కుంటూ ఆకు మడిచి నా చేతిలోనే పెట్టింది. టీచర్ అటు తిరిగినప్పుడు దాన్ని బల్ల మీద వదిలేశాను. నడుముకు కట్టుకున్న సంచిలో టీచర్ సర్దిన ఖర్జూరాలు, ఉండలు పన్నెండు పొట్లాలు ఉన్నాయి. నిమ్మకాయ, ఉప్పు కలిపిన నీళ్ళు తాగవచ్చని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

అయిదు గంటలకు వదిలారు. చుట్టు పన్నెండున్నర కిలోమీటర్లు, నాలుగు సార్లు తిరగాలి, మధ్యాహ్నం మూడింటిలోగా ముగించాలి. మొదట కాలువ గట్టు, మట్టిదారి. తరువాత కొబ్బరితోటలు. ఆ తరువాత ద్రాక్ష పందిళ్ళ మధ్య సందు, చివరికి నీడ లేని తారు రోడ్డు. మొదటి చుట్టులో పడమటి కొండలు చీకట్లోంచి మెల్లగా బయటికి వస్తుంటే నామం ఒక్కసారి కూడా తెగలేదు. ఏడింటికి చుట్టు ముగించి, టీచర్ నిలబడిన చోటికి వచ్చాను. తింటున్నావా అని అడిగారు. తింటున్నా టీచర్ అన్నాను. రెండో చుట్టు తొమ్మిదింబావుకు ముగిసింది. ఈసారి ఆమె స్వయంగా ఒక ఉండ చేతిలో పెట్టారు. నోటి దాకా తీసుకుపోయి, కొబ్బరితోట మలుపు తిరిగాక సంచిలో వేసుకున్నాను. ఆకలి అప్పటికి తెలియడం లేదు. పైగా ఒంట్లో తేలికగా, దేవుడు మెచ్చినట్టుగా అనిపించింది. మీకు చెప్పవలసింది ఇదే. ఆ తేలికదనాన్ని నమ్మకండి.

మూడో చుట్టులో ద్రాక్ష సందు దగ్గర మొదలైంది. పందిరి స్తంభాలు అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపించాయి. చేతులు చల్లబడ్డాయి. నామం చెబుతున్నాననే అనుకున్నాను కానీ పెదవులు కదలడం లేదని తరువాత తెలిసింది. తారు రోడ్డు మీద ఎండకు నా నీడనే ఎవరో పక్కన వస్తున్నారనుకుని రెండుసార్లు దారి ఇచ్చాను. పన్నెండుకు పది నిమిషాలున్నప్పుడు చుట్టు ముగిసే పందిరి దాటాను. కుర్చీలు కనిపించాయి. కాలువ గట్టు మీద టీచర్ ఉన్నారు కాబట్టే ఆగలేదు. ఆ కిలోమీటరు ఎలా నడిచానో గుర్తు లేదు.

టీచర్ నన్ను చూడగానే ఎదురొచ్చి చేయి పట్టుకున్నారు. నామం చెప్పమన్నారు. గో అన్నాను, మిగిలింది రాలేదు. గట్టు మీద కూర్చోబెట్టి, ఏమీ అడగకుండా నా నడుము సంచి విప్పారు. పొట్లాలన్నీ విప్పనివి విప్పనట్టే ఉన్నాయి, వాటి మీద ఆమె చేతికిచ్చిన ఉండ. ఆమె వాటిని ఒక్కొక్కటే తీసి ఒడిలో పెట్టుకున్నారు. అప్పుడు చెప్పాను, అత్తగారి షరతు, నేనిచ్చిన మాట, అన్నీ.

ఆమె గొంతు పెంచలేదు. "నీ ఉపవాసం నీ ఇష్టమమ్మా. ముందే చెప్పి ఉంటే వేరే ఊరు, వేరే దినం చూసి ఉంటాను కదా. నీ ఒళ్ళు నా చేతిలో పెట్టి, కన్ను మాత్రం కట్టేస్తివే."

ఏడుపొచ్చింది, కన్నీళ్ళకు కూడా ఒంట్లో నీళ్ళు లేవేమో, రాలేదు.

"ఇప్పుడు రెండే ఉండాది. తిని, కూర్చొని, తల తేటగా ఉంటే పో. లేదా నాతో బండెక్కు. తినకుండా ఒక్క అడుగు వెయ్యనీను."

బండెక్కితే ఉపవాసం నిలుస్తుంది, పరుగు జన్మకు పోతుంది. తింటే అత్తగారికిచ్చిన మాట పోతుంది. మా ఇంట్లో అప్పుడే హారతి వెలిగించి ఉంటారు. ఆ గంట మోత నాకు వినిపించినట్టే అయింది. టీచర్ తన మధ్యాహ్నానికని తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా మూత తీసి నా మోకాలి మీద పెట్టారు, తినమని మళ్ళీ అనలేదు. పెరుమాళ్ళకని కళ్ళు మూసుకుని నాలుగు మెతుకులు గట్టు మీద ఉంచి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రుచి తెలియలేదు. నాలుగో ముద్దకు ఉప్పు తెలిసింది. ఆరో ముద్దకు కాలువలో నీళ్ళ చప్పుడు వినిపించింది. అంతసేపూ అది నా పక్కనే పారుతోంది.

ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, నామం పూర్తిగా చెప్పించుకుని, నా పేరు, ఊరు, ఆ రోజు వారం అడిగి, అప్పుడు వదిలారు. మిగతా దూరమంతా సగం నడక, సగం పరుగు. టీచర్ అద్దెకు తీసుకున్న స్కూటీ మీద ప్రతి రెండు కిలోమీటర్లకూ ఎదురొచ్చి, ఒక పొట్లం విప్పి, నేను మింగేదాకా చూసి పోయారు. పూర్వం పిల్లలకు మందు మింగించినట్టు. మూడింటికి ఎనిమిది నిమిషాలున్నప్పుడు గీత దాటాను. మెడలో ఏదో వేశారు. నేను వెతికింది టీచర్ ముఖం కోసం. ఆమె నవ్వి, ఇంక ఇంటికి ఫోన్ చెయ్యమన్నారు.

ఫోన్‌లో అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పాలనే అనుకున్నాను. ముందు ముగించానని చెప్పాను. అవతల గోవిందా అని గట్టిగా అనడం వినిపించింది. తరువాత ఆమె గొంతు నీరసంగా ఉన్నట్టు తోచి, భోంచేశారా అత్తా అని అడిగాను.

"ఎట్ల తినేది? నువ్వు ఆ ఎండలో వట్టి కడుపుతో పరిగెత్తతా ఉంటివి కదా. తళిగ అట్లనే మూసిపెట్టినా. నువ్వు పెరుమాళ్ళను చూసి తిను, నేనూ తింటాను."

ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. వెంటనే తినండత్తా, నేను కోవెల వాకిట్లోనే ఉన్నాను అన్నాను. అదీ అబద్ధమే. ఆ తరువాత స్నానం చేసి నిజంగానే పెరుమాళ్ళ కోవెలకు వెళ్ళాను. తులసితీర్థం తీసుకుని, జరిగిందంతా ఆయనకు చెప్పాను. ఆయనకు చెప్పడం సులభం.

మర్నాడు ఏడింటి బస్సుకు బయలుదేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. దారిలో టీచర్ నా మీద కోపం పెట్టుకోలేదు. దూరపు పరుగుకు మనసు గట్టిగా ఉంటే చాలని అందరూ అంటారు. ఆ రోజు నా మనసు గట్టిగానే ఉంది, ఏడు గంటలసేపు ఒక అబద్ధాన్ని మోసింది. ఆ గట్టిదనం నన్ను ద్రాక్ష సందులో పడేసి ఉండేది. నన్ను గీత దాటించింది తెల్లటి పెరుగన్నం, నా పక్కన నిలబడ్డ ఒక మనిషి. ఉపవాసం గొప్పది కాదని నేననను. ఇప్పటికీ శనివారాలు ఉంటున్నాను, కానీ ఆ రోజు ఇంటి వాకిలి దాటను. పెరుమాళ్ళకు మన ఆకలి కావాలంటే ఇంట్లో కూర్చుని ఇవ్వవచ్చు.

మీరు పోయేటట్టయితే ఒక్క పని చెయ్యండి. చుట్టు ముగిసిన ప్రతిసారీ, మీకోసం నిలబడిన మనిషి చేతికి మీ తిండి సంచి విప్పి ఇవ్వండి. తిన్నారా అని అడిగించుకోవద్దు, చూడనివ్వండి. ఉపవాసమైనా, మాత్రలైనా, నొప్పి అయినా బస్సెక్కే ముందే ఆ మనిషికి చెప్పండి.

ఇది చదివాక మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపవద్దు. మా అత్తగారు ఆ రోజు నాకోసం మూడున్నర దాకా అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నారు. నిజం ఆమెకు వేరెవరి నోటి నుంచో తెలియకూడదు. ఆమె పక్కన కూర్చుని నేనే చెబుతాను. ఆ ధైర్యం వచ్చేదాకా ఈ రాత మీ ముగ్గురి దగ్గరే ఉండనివ్వండి.