తువ్వాలు కింద బేరం

మా నాన్న గుంటూరులో మిరపకాయల దళారి. ఆ రోజుల్లో ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. దళారీ, కొనేవాడూ తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని తేల్చుకునేవాళ్లు. పండించిన రైతు నోరు మూసుకుని పక్కన నిలబడాల్సిందే.

నాన్నకి హెర్నియా ఆపరేషన్. మా వీధిలో ఉండే మత్తు డాక్టరుగారికి ఫ్రిజ్ కానుకగా ఇచ్చిన మందుల కంపెనీ మనిషే ఆ పొద్దున కొత్త మత్తుమందు తెచ్చాడు. ఆస్పత్రి వరండాలో ఇద్దరూ నవ్వుకోవడం నాన్న చూశాడు.

"బేరం తెగిందే. ఇవాళ సరుకుని నేనే," అన్నాడు.

"డాక్టరుగారిని అనుమానిస్తారా? ఊరుకోండి!" అని కసిరింది అమ్మ.

ఆ మత్తులోంచి నాన్న మళ్లీ కళ్లు తెరవలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవడికుంది? మండుటెండలు. మద్రాసు నుంచి అన్నయ్య వచ్చేదాకా శవం ఆగాలి. డాక్టరుగారి భార్య జాలిపడి, ఆ ఫ్రిజ్‌లోంచే ఐసు పంపించింది. అమ్మ దండం పెట్టి మరీ తీసుకుంది.