ముగ్గురంలో మూడో గొంతు

కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి దగ్గరి చూపు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఆ షాపులో చిన్న అక్షరాల అట్ట ఒకటి ఇచ్చేవారు. ఆ రోజు అట్ట కనబడలేదు.

"మీ ఫోనే చూడండమ్మా, స్పష్టంగా ఉందా?" అన్నాడు యజమాని.

కస్టమరు ఫోను తీసి ఏదో వీడియో పెట్టింది. వెనక గదిలో అద్దాల అంచులు అరగదీస్తున్న పుల్ల అప్పుడే మిషను ఆపింది. ఆ నిశ్శబ్దంలో ఆమెకి ఫోనులోంచి పెద్దక్క ఊపిరి వినిపించింది.

ముక్కుతో గట్టిగా, కొంచెం బరబరమంటూ లోపలికి తీసుకునే ఊపిరి. పాట మొదలుపెట్టే ముందు పెద్దక్క అలా తీసుకుంటే, అది విడిచే లోపు చెల్లెళ్ళిద్దరూ అందుకోవాలి. చిన్నప్పటి నుంచీ అదే వాళ్ళకి సైగ. పుల్ల చేతిలో అద్దం అలాగే పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది.

"బాగా కనబడుతోందండీ. ఇదిగో, ఇందులో పాడే పుల్ల మెడకున్న గుడ్డ మీద పువ్వులు కూడా కనబడుతున్నాయి," అంది కస్టమరు. "పాపం, ఆ పిల్లకి గొంతు ఆపరేషన్ అయిందట. కాస్త ఒళ్ళు కూడా చేసింది. అయినా ఎలా పాడుతోందో చూడండి, నాకైతే ఏడుపొచ్చేసింది."

పుల్ల వంగి చూసింది. పెద్దక్క ఉంది. చిన్నక్క ఉంది. వాళ్ళ పక్కన, ఎప్పుడూ తను నిలబడే చోట, తను ఎన్నడూ చూడని ఒక బొద్దు అమ్మాయి నిలబడి ఉంది. మెడకి నీలం సిల్కు గుడ్డ చుట్టుకుంది. పాట మధ్యలో ఆ గుడ్డ మీద చెయ్యి వేసుకుంది. హాలంతా చప్పట్లు కొట్టింది.

"ఇది ఎప్పటిదండీ?"

"మొన్న ఆదివారానిది. మా మరిది కూతురి కాలేజీలో. మీకు వీళ్ళు తెలీదా? ముగ్గురం అని, సొంత అక్కచెల్లెళ్ళు." ఆవిడ కొత్త కళ్ళజోడులోంచి పుల్ల మొహంలోకి సూటిగా చూసింది. "తప్పకుండా వినండి," అంది.

పుల్ల చేతిలోని అద్దం కౌంటరు మీద పెట్టింది. అది ఎవరి కళ్ళజోడుదో ఎంతసేపటికీ గుర్తురాలేదు.

*

వాళ్ళ అమ్మ బళ్ళో సంగీతం టీచరు. నాన్న పోయాక ముగ్గురు పిల్లల్నీ తీసుకుని ఒక పాత భవనంలో పై అంతస్తుకి మారింది. లిఫ్టు లేదు. అక్కలిద్దరూ మెట్లమీద ముందు పరిగెత్తేవారు. వెనక నుంచి చిన్నది, "ఆగండే, నేనూ వస్తున్నా," అని అరిచేది. ఆ మెట్ల గోడల మధ్య ఎవరేమన్నా రెండింతలుగా మోగేది. ఒక రోజు అమ్మ బడి నుంచి వస్తూ కింద నిలబడి వింది. పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, మూడు గొంతులు. ఆ రాత్రే దానికి వరస కట్టింది. అలా పుట్టింది మెట్ల పాట.

చిన్నది అగ్గిపుల్లలా ఉండేది. పుల్ల అని పేరు పెట్టింది చిన్నక్క, వెక్కిరించడానికే. టీవీ పోటీలో గెలిచాక, ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాక, జనం అదే పేరుతో కేకలు వేశారు. ముగ్గురం అన్న పేరు అమ్మ పెట్టింది. బట్టలు, వ్యాను, బేరాలు, తిట్లు, అన్నీ ఆవిడవే. ఎక్కడ పాడినా ఆఖరున మెట్ల పాట ఉండాలి. దానికి మైకులు ఆపేసేవారు, వాయిద్యాలు ఉండేవి కావు. అక్కలు పాడుతూ వెళ్ళిపోతుంటే పుల్ల తన కింది గొంతుతో, "ఆగండే, నేనూ వస్తున్నా," అని ఒక అడుగు ఆలస్యంగా అందుకునేది. ఆ ఒక్క ముక్క కోసం వెనక వరసల్లోవాళ్ళు లేచి నిలబడేవారు.

తర్వాత పుల్ల గొంతు బొంగురుపోయింది. లోపల చిన్న కాయలున్నాయన్నారు. ఆపరేషన్ అయ్యాక చాలాకాలం మాట్లాడకూడదన్నారు. "పాటలు వినకండి కూడా," అన్నాడు డాక్టరు. "వింటుంటే గొంతు తనంతట తనే కదులుతుంది. మీకు తెలియకుండానే లోపల పాడేస్తారు."

ఇంట్లో ఉంటే పాట వినకుండా ఎలా? అందుకని ఆస్పత్రి ఉన్న ఊళ్ళోనే పిన్ని దగ్గర ఉండిపోయింది. ఫోనులో పాటలన్నీ తీసేసింది. మాట్లాడే పని లేదని కళ్ళజోళ్ళ షాపులో చేరింది. "నువ్వొచ్చేదాకా ప్రోగ్రాములు ఆపేశాం. నీ గొంతు జాగ్రత్త," అని అమ్మ రాసేది. ఏడాది దాటింది. ఆ వారమే డాక్టరు ఇక పాడుకోవచ్చన్నాడు. చెప్పకుండా వెళ్ళి, మెట్ల కింద నిలబడి తన ముక్క పాడి, వాళ్ళని అదరగొట్టాలనుకుంది పుల్ల.

*

మర్నాడు మధ్యాహ్నం ఆ మెట్లు ఎక్కుతూ ఆమె పాడలేదు.

తలుపు తీసింది అమ్మ. ముందు మొహమంతా వెలిగింది. తర్వాత చేత్తో తలుపు కొంచెం దగ్గరికి లాగి, ఆమెని పేరు పెట్టి పిలిచింది. పుల్ల అని కాదు. బడి రిజిస్టరులో ఉన్న పేరు. ఊహ తెలిసినప్పటి నుంచీ టీచర్లూ నర్సులూ తప్ప ఆ పేరుతో ఆమెని ఎవరూ పిలవలేదు. పుల్ల వెనక్కి తిరిగి చూసింది.

"నన్నేనా?"

"ఒక మాట చెప్పి రావద్దుటే?" అంటూనే అమ్మ ఆగిపోయింది. "గొంతొచ్చింది! ఏదీ, మళ్ళీ మాట్లాడు." రెండు చేతులతో కూతురి మెడ తడిమింది. నిజంగానే ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి తిరిగి, "పుల్లా, కాసిని మంచినీళ్ళు పట్రా," అంది.

పుల్ల చెప్పులు విడిచి వంటింట్లోకి నడిచింది. గ్లాసుల గూటి దగ్గర ఇద్దరి చేతులు ఒకే గ్లాసు మీద పడ్డాయి. ఎదురుగా వీడియోలోని అమ్మాయి. మెడకి అదే నీలం గుడ్డ.

"ఎవరండీ మీరు?" అంది ఆ పిల్ల.

"పుల్లని."

"నేనూ..." అని నాలిక కరుచుకుంది. మొహం కందిపోయింది. "అంటే... అమ్మగారు ఇంట్లో కూడా అలాగే పిలుస్తారండీ. స్టేజీ మీద నోరు జారకుండా ఉండాలని. ఈ గుడ్డ కూడా తియ్యొద్దన్నారు, అలవాటు కావాలని." ఆ పిల్ల కళ్ళు పుల్ల మెడ మీదే వెతుకుతున్నాయి. "మీ మచ్చ ఏదండీ?"

"మచ్చా? నోట్లోంచి చేశారు. బయట మచ్చ ఉండదు."

"ఉండదా?" ఆ పిల్ల గుడ్డ అంచు వేళ్ళకి చుట్టుకుంది. "మరి నేను దీంతో ఏం దాస్తున్నానండీ?"

వెనక చిన్నక్క గొంతు వినిపించింది. "ఓసి నీ దుంప తెగ! చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావేంటే?"

"ఊడిపడింది నేనా?" అంది పుల్ల.

చిన్నక్క నవ్వబోయింది. "అలా గుడ్లురిమి చూడకే. నీకంటే ఇదే నయం, పిలిస్తే ఒక్క కేకకి నిద్ర లేస్తుంది." ఎవరూ నవ్వకపోయేసరికి చిన్నక్క కూడా తలుపుకి ఆనుకుని గోళ్ళు చూసుకుంది.

పాటలు సాధన చేసే గదిలో పెద్దక్క కిటికీ దగ్గర సాయంత్రం వేసుకునే బట్టలు ఇస్త్రీ చేస్తోంది. చెల్లెల్ని చూసి పెట్టె పక్కకి పెట్టింది. దగ్గరికి మాత్రం రాలేదు. గోడకి కొత్త పోస్టరు ఉంది. మూడు మొహాలు. మూడో మొహం కింద, పుల్ల.

"కొన్నాళ్ళు ఆగాం," అంది అమ్మ. "ముగ్గురం అని పేరు పెట్టుకుని ఇద్దరొస్తామంటే ఎవరు పిలుస్తారే? అప్పుడు ఈ పిల్ల దొరికింది. బుద్ధిమంతురాలు. నీ ముక్కలన్నీ నేనే కూర్చోబెట్టి నేర్పాను."

"ఆపరేషన్ కూడా నేర్పావా?"

"మొహం మారిందేంటి, గొంతు మారిందేంటి అని అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా! ఆపరేషన్ అయిందన్నాం. అందులో అబద్ధమేముంది?"

"అయింది నాకమ్మా."

"ఇంట్లో ఒకళ్ళకైతే అందరికీ అయినట్టే," అంది అమ్మ. ఆ మాట ఆవిడకే నచ్చినట్టు లేదు. కుర్చీలో ఉన్న బట్టలు తీసి మళ్ళీ మడత పెట్టింది.

పుల్ల గదిలో ఒక్కొక్కరినే చూసింది. తిడదామని బస్సులో కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చిన పని మాత్రం గుర్తుంది.

"డాక్టరు పాడమన్నాడు. సాయంత్రం ప్రోగ్రాము ఉంది కదా. నేను పాడతాను."

ఇస్త్రీ పెట్టె చిటపటమంది.

"ఏమని చెప్పి నిన్ను తీసుకెళ్ళను?" అంది అమ్మ, చాలా మెల్లగా. "ఇన్ని నెలలుగా జనం ఈ పిల్లని చూసి ఏడుస్తున్నారు. ఇప్పుడు నిన్ను తెచ్చి నిలబెట్టి ఇదే పుల్ల అంటే, నిన్నే దొంగ పుల్ల అంటారు. ఒక్క మాట విను. వెనకాల కోరసులో నిలబడు. పిన్ని కూతురని చెబుదాం. నాలుగు రోజులు పోనీ, అప్పుడు చూద్దాం."

పుల్ల పక్కనున్న స్పీకరు పెట్టె మీద కూలబడింది. "అక్కా, నువ్వైనా చెప్పు," అంది కిటికీ వైపు.

"నేనేం చెప్పనే," అంది పెద్దక్క. "ప్రతిసారీ ఊపిరి తీసుకుని నీ వైపు తిరుగుతాను. అక్కడ ఇది ఉంటుంది. ఏం చెయ్యను? పాడేస్తాను."

వ్యాను హారను మోగింది. "బాగా అలిసిపోయావు, పడుకో. వచ్చాక మాట్లాడుకుందాం," అంటూ అమ్మ బట్టల సంచి అందుకుంది. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి పుల్ల వైపు చూసింది. కింద నుంచి చిన్నక్క, "పుల్లా, రావే, ఆలస్యమవుతోంది!" అని కేక వేసింది. మెట్ల గోడలు ఆ పేరుని రెండుసార్లు పలికాయి. పుల్ల లేచి నిలబడింది. ఆ పిల్ల తల వంచుకుని దిగి వెళ్ళింది.

*

ఆ సాయంత్రం హాలు గుమ్మం దగ్గర మనిషి ఆమెని ఆపి టికెట్టు అడిగాడు. పుల్ల కొనుక్కొచ్చి చూపించింది. మూడో వరసలో సీటు దొరికింది. పక్కన ఒక పెద్దావిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మొదటిసారా?" అంది ఆవిడ. "ఆఖరి పాట దాకా లేవకండేం. దాని కోసమే నేనొస్తాను."

పాటలు వరసగా సాగాయి. మధ్యలో ఆ పిల్ల మైకు అందుకుని చిన్నప్పటి సంగతి చెప్పింది. అక్కలిద్దరూ మెట్ల మీద వదిలేసి పరిగెత్తడం, తను మోకాలు కొట్టుకుని కూడా ఏడవకుండా వెంటపడడం. బాగా చెప్పింది. జనం నవ్వారు. పుల్ల మోకాలి మీద ఆ దెబ్బ గుర్తు ఇంకా ఉంది. తెలియకుండానే చెయ్యి అక్కడికి పోయింది.

తర్వాత మైకులు తీసేశారు. హాలు సద్దుమణిగింది. ముగ్గురూ స్టేజీ అంచుకి వచ్చారు. పెద్దక్క ముక్కుతో ఊపిరి తీసుకుంది.

ఆ చప్పుడు మూడో వరస దాకా వచ్చింది. పుల్ల వెన్ను తనంతట తనే నిటారైంది, పొట్ట బిగుసుకుంది. డాక్టరు చెప్పింది నిజమే. గొంతు ఆమెని అడగలేదు. అక్కలు ముందు వెళ్ళారు. ఒక అడుగు ఆలస్యంగా, సరిగ్గా ఎక్కడ అందుకోవాలో అక్కడ, ఆమె నోటి నుంచి వచ్చేసింది.

ఆగండే, నేనూ వస్తున్నా.

ముందు వరసలో తలలు వెనక్కి తిరిగాయి. పక్కనున్న పెద్దావిడ ఉలిక్కిపడి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ష్! పుల్ల పాడుతోందండీ. కాస్త ఊరుకుంటారా, విననివ్వండి."

పుల్ల ఆవిడ వైపు తిరిగింది. "ఏడాది ఊరుకున్నానండీ," అంది.

పాటలో తర్వాతి ముక్క రానే వచ్చింది. అందుకుంది. స్టేజీ మీద పెద్దక్క పాడుతూనే చీకట్లోకి తిరిగింది, ఒకటో వరస, రెండో వరస వెతుక్కుంటూ. చిన్నక్క చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగింది. పక్క తెర అంచున అమ్మ కనిపించింది. చేతిలో నీళ్ళ సీసా మూత తీసి ఉంది, నీళ్ళు ఆవిడ కాళ్ళ మీద పడుతున్నాయి. ఆ పిల్ల రెండు మాటల దాకా పోటీగా పాడింది. తర్వాత నోరు మూసేసింది. మెడ దగ్గరి గుడ్డని పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

పాట మాత్రం మూడు గొంతుల్తోనే సాగుతోంది.

పెద్దావిడ స్టేజీ మీద మూసుకుని ఉన్న ఆ నోటి వైపు చూసింది. తర్వాత పక్కకి తిరిగి, తెరుచుకుని ఉన్న పుల్ల నోటి వైపు చూసింది. మోచేతి మీది చెయ్యి తీయడం మర్చిపోయింది.